ఎవరి చేతిలోంచి జారింది

ఆదివారం ఏం జరిగిందో పోర్ట్ హేల్ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగియడానికి ఇంకా నలభై సెకన్లున్నాయి. హామర్స్ జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి, గెలుపు గీతకు ఆరు గజాల దూరంలో నిలబడింది. వరుస మధ్యలో సెంటర్ లైల్ బ్రాంట్‌నర్ వంగి, పదకొండేళ్ళుగా అందిస్తున్నట్టే కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందించాడు. అయిదు గజాల వెనక దాన్ని అందుకుని ఆట నడపాల్సిన క్వార్టర్‌బ్యాక్ ఎమెట్ డ్యూప్రీ గుండెకు ఎదురుగా చేతులు చాపి ఉన్నాడు. బంతి గుండె దగ్గరికి రాలేదు. ఎడమ మోకాలి వైపు వంకరగా వచ్చి, అతను వంగేలోపు వేళ్ళకు తగిలి, మంచు పట్టిన గడ్డిమీద దొర్లిపోయింది. అవతలి జట్టువాడొకడు దానిమీద బోర్లా పడ్డాడు. అంతటితో ఆట అయిపోయింది.

ఆ తర్వాత ఎమెట్ కెమెరాల ముందు నిలబడి, చూపు పక్కకు తిప్పాను, తప్పు నాదే అన్నాడు. అతనికి పది అడుగుల దూరంలో లైల్ కుడిచేతికి చుట్టిన టేపు విప్పుకుంటూ ఆ మాట విన్నాడు. విని ఊరుకున్నాడు.

ఆ చేతిలో చివరి రెండు వేళ్ళకు అయిదు వారాలుగా స్పర్శ లేదు. తొమ్మిదో ఆటలో, వానలో, ఎదుటివాడి తలా తన తలా ఢీకొన్నప్పుడు మెడ దగ్గర మొదలైన మంట వేళ్ళ చివరిదాకా పాకింది. మంట ఆ పూటకే తగ్గిపోయింది. మొద్దుతనం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు అతని భార్య టెస్. రెండోవాడు ఎమెట్.

ఎనిమిది గెలుపులు, ఆరు ఓటములు. ఇంకా మూడు ఆటలున్నాయి. అందులో రెండు గెలిస్తే జట్టు ప్లేఆఫ్‌కు వెళుతుంది. హామర్స్ ఆ గడప తొక్కి పందొమ్మిదేళ్ళయింది.

మంగళవారం జట్టుకు సెలవు. సెలవని పేరేగాని దెబ్బలు తగిలినవాళ్ళంతా పొద్దున్నే కట్లకూ ఐసు తొట్లకూ వస్తారు. లైల్ ఏడింటికే లేచి వంటింట్లో నిలబడి చొక్కా బొత్తాలు పెట్టుకోబోయాడు. మూడోది కుదరలేదు. టెస్ వచ్చి మిగతావి పెట్టేసింది. అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

సరస్సు మీదినుంచి మంచు అడ్డంగా కొడుతోంది. కారులో రేడియో పెట్టాడు. ఎవరో ఫోన్ చేసి ఎమెట్‌ను, ఆ లూయిజియానా కుర్రాణ్ణి, మళ్ళీ వాళ్ళ ఊరి చిత్తడి నేలలకే పంపించెయ్యమంటున్నాడు. లైల్ రేడియో కట్టేశాడు. రెండు వీధులు దాటాక మళ్ళీ పెట్టాడు. ఈసారి ఒక ఆడమనిషి, అదే మాట ఇంకాస్త గట్టిగా అంటోంది.

పెట్రోలు బంకులో ఆగితే, జట్టు టోపీ పెట్టుకున్న ముసలాయన కౌంటరు వెనకనుంచి వచ్చి మరీ కాఫీ అందించాడు. లైల్ ఎడమచేత్తో అందుకున్నాడు.

"మీరేం మనసులో పెట్టుకోకండి లైల్," అన్నాడు ముసలాయన. "మీ చేతిలోంచి బంతి తప్పిపోవడం ఈ పదకొండేళ్ళలో మేం చూడలేదు. ఆ కుర్రాడికే చెయ్యి నిలవదు."

లైల్ ఏదో అనాలని నోరు తెరిచాడు. కాఫీ బాగుందన్నాడు. ఇంకా తాగనే లేదు.

జట్టు భవనం వెనక, కప్పు వేసిన సాధన మైదానం ఉంది. చికిత్స గదికి వెళ్ళాలంటే దాని పక్కనుంచే నడవాలి. తలుపు కొద్దిగా తెరిచి ఉంది. లోపలినుంచి, కొద్ది క్షణాలకొకసారి, బంతి అరచేతుల్లో పడే చప్పుడు వస్తోంది. అది లైల్ నిద్రలో విన్నా గుర్తుపట్టే చప్పుడు. సెలవు రోజున తనలాంటివాడే ఎవడో ఆ పని చేస్తున్నాడు.

తలుపు తోసి చూశాడు. భారీ మనిషి ఒకడు, వెనక్కి ముడివేసిన జుట్టుతో, వంగి బంతి అందిస్తున్నాడు. అవతల బంతులు అందుకుంటున్నవాడు సాధన సహాయకుడు. పక్కన ముక్కాలి పీటమీద, తుంటి నొప్పివల్ల ఒక కాలు చాపుకుని, ముందు వరుస ఆటగాళ్ళకు శిక్షణ ఇచ్చే లైన్ కోచ్ హార్లన్ పికెట్ కూర్చున్నాడు. అరవై ఒక్క ఏళ్ళ పికెట్ తల ఎత్తి లైల్‌ను చూశాడు. మళ్ళీ బంతివైపు చూశాడు.

జుట్టు ముడి మనిషి వెనక్కి తిరిగాడు. సియోనె ఫాలెటా. నాలుగేళ్ళు లైల్ వెనకే ఉండి, అతని దగ్గరే పని నేర్చుకుని, ఆగస్టులో జట్టునుంచి తీసేస్తే యూటాకు వెళ్ళిపోయినవాడు. ఆగస్టులో పికెట్ లైల్‌ను ఒక్కమాట అడిగాడు, ఇంకో సీజన్ లాగగలవా, నిజం చెప్పు, లేకపోతే సియోనెను ఉంచుకుంటాను అని. నమ్మకం లేకపోయినా లైల్ లాగగలనన్నాడు. ఆ సంగతి సియోనెకు తెలుసో లేదో లైల్‌కు ఇప్పటికీ తెలియదు.

సియోనె వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. గోదాములో లారీలకు సరుకు ఎక్కిస్తున్నానని, భార్యకు ఏడో నెల అని, సాయంత్రాలు బావమరిదిని ఎదురుగా నిలబెట్టి రోజుకు రెండు వందల బంతులు అందిస్తున్నానని చెప్పాడు. ఎవరు పిలిచారని లైల్ అడిగాడు.

"కోచ్ పికెట్. ఆదివారం ఆట అయిన గంటకే ఫోన్ చేశారు. నేనింకా టీవీ ముందునుంచి లేవనే లేదు." సియోనె గొంతు తగ్గించాడు. "నిన్ను తీసేస్తారని కాదు లైల్. అవసరానికి ఉంటాడని పిలిచారేమో. నువ్వు తప్పుగా అనుకోకు."

అనుకోనన్నాడు లైల్. చికిత్స గదివైపు వెళ్ళలేదు. ఆట అయిన గంటకే అంటే, ఎవరో చెప్పారు. టెస్ చెప్పదు. ఇక మిగిలింది ఒక్కడే. నడవా పొడుగునా నడుస్తుంటే ఆ ఒక్కడి పేరే అతని బుర్రలో తిరిగింది. వీడియో గది తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు అనుమానంగా మిగల్లేదు, నిజమైపోయింది.

ఎమెట్ ఒక్కడే ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, చెప్పులు విప్పి, కాళ్ళు ముందు కుర్చీమీద పెట్టుకుని, వచ్చే ఆదివారం ఎదుర్కోవాల్సిన జట్టు ఆటను గోడమీద చూస్తున్నాడు. ఒళ్ళో ఒక డబ్బా. అందులో వాళ్ళమ్మ వండిన ఎర్ర చిక్కుడుగింజల కూర, అన్నం. చల్లగానే తింటున్నాడు.

"సియోనె వచ్చాడు," అన్నాడు లైల్.

"చూశాను."

"పికెట్ పిలిపించాడట. ఆదివారమే."

ఎమెట్ కళ్ళు గోడమీదే ఉన్నాయి. లైల్ దీపం వేశాడు.

"నా వేళ్ళ సంగతి ఇద్దరికే తెలుసు ఎమెట్. నా భార్యకి, నీకు. మా ఆవిడ పికెట్‌తో మాట్లాడి మూడేళ్ళయింది."

ఎమెట్ చెంచా డబ్బాలో పెట్టి, గోడమీద కదులుతున్న బొమ్మను ఆపాడు. "అయితే నేనే చెప్పానంటావు."

"అడుగుతున్నాను."

"నువ్వు అడగట్లేదు. తేల్చేసుకుని వచ్చావు."

లైల్ తలుపు మూశాడు. నీ ముందు ఇంకా పదేళ్ళున్నాయి, నాకు ఈ మూడు ఆటలే ఉన్నాయి, మూడు ఆటలు ఆగలేకపోయావా అన్నాడు. నీకు ఆటను చదవడం నేర్పింది ఎవరో గుర్తుంచుకోవాల్సింది అన్నాడు. అంటున్నకొద్దీ గొంతు పెరిగింది. తన మాటలు తనకే చెవుల్లో అసహ్యంగా వినిపించాయి. అయినా ఆపలేదు.

అంతా విన్నాక ఎమెట్ లేచి నిలబడ్డాడు. అరవలేదు.

"చెప్పేవాణ్ణయితే ఆదివారమే చెప్పేవాణ్ణి. పాతిక కెమెరాలున్నాయి నా ముందు. నువ్వక్కడే ఉన్నావు. టేపు విప్పుకుంటూ కూర్చున్నావు. నేనేమన్నానో వినలేదా?"

"విన్నాను."

"మరి?"

లైల్ చూపు తన కుడిచేతిమీదికి దిగింది.

"మా అమ్మ గురువారం దాకా ఉండాల్సింది," అన్నాడు ఎమెట్. "నిన్ననే వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర పనుందంది. వెళ్ళేముందు ఆవిడ కోటు ఉతుకుదామని తీస్తే బీరు వాసన. మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఎవడో పోశాడు. నా నంబరు చొక్కా వేసుకుందిగా, గుర్తుపట్టడానికి ఎంతసేపు. నేనడిగేదాకా నాకు చెప్పనే లేదు. నాకోసం ఈ కూర వండి, డబ్బాల్లో సర్ది, ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళింది."

లైల్ గోడకు ఆనుకున్నాడు. మరి తప్పు నీదని ఎందుకన్నావని అడిగాడు.

నిరుడు తన మొదటి ఆటలో జరిగింది ఎమెట్ చెప్పుకొచ్చాడు. అరవై వేలమంది అరుపుల్లో ఆట పేరే మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడిపోయాడట. అప్పుడు లైల్ బూటు లేసు ఊడిందని చతికిలబడి, రిఫరీ చేత తిట్లు తిని, వాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చాడు. ఆ లేసు ఊడలేదని ఎమెట్‌కు అప్పుడే తెలుసు.

"అందుకని ఒక పూట నీ బదులు నేను నిలబడ్డాను," అన్నాడు. "ఒక్క పూటకే అనుకున్నా లైల్. సోమవారం నువ్వొచ్చి చెబుతావని చూశాను. రాలేదు. ఇవాళ వచ్చావు. వచ్చి నన్నే దొంగని చేస్తున్నావు."

మళ్ళీ కూర్చుని డబ్బా ఒళ్ళోకి తీసుకున్నాడు కాని తినలేదు.

"ఇంకోటి కూడా విను. ఈ ఆదివారం నేను ఆడట్లేదు. పొద్దున హెడ్ కోచ్ విట్‌కోమ్ పిలిచి చెప్పాడు. వోల్కర్ ఆడతాడట. రేపు తొమ్మిదింటికి మీటింగులో అందరికీ చెబుతాడు."

రెండో క్వార్టర్‌బ్యాక్ వోల్కర్‌కు ముప్ఫై ఆరేళ్ళు. రెండేళ్ళుగా మైదానం పక్కన టోపీ పెట్టుకుని నిలబడడమే అతని పని. కారణమేమిటని లైల్ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందనిపించలేదు. తలుపు తీసుకుని వెళ్ళబోతుంటే, దీపం ఆర్పి వెళ్ళు అన్నాడు ఎమెట్. ఆర్పాడు.

పికెట్ గదిలో కుర్చీకన్నా బల్లే ఎక్కువ అరిగిపోయి ఉంటుంది. ఆయన ఎప్పుడూ దానిమీదే కూర్చుంటాడు. లైల్ లోపలికి వెళ్ళి, ఎవరు చెప్పారని అడిగాడు. పికెట్ ఎవరూ చెప్పలేదన్నాడు. కంప్యూటరు తెర లైల్‌వైపు తిప్పి, ఆదివారపు ఆ ఒక్క ఆటను ఆపి ఆపి చూపించాడు. బంతి లైల్ చెయ్యి వదలడానికి ముందే, చివరి రెండు వేళ్ళు దానిమీదినుంచి లేచిపోయి ఉన్నాయి. ఆ తర్వాత అంతకుముందు ఆటలోది ఒకటి, దానికి ముందుది ఒకటి చూపించాడు. అన్నిట్లోనూ అవే వేళ్ళు. ఆ రెండుసార్లూ ఎమెట్ ఎలాగో వంగి పట్టుకున్నాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"కళ్ళు మూసుకో అబ్బాయ్," అన్నాడు పికెట్.

లైల్ మూసుకున్నాడు. ముసలాయన అతని కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ వేలు పట్టుకున్నాను?"

"చిటికెన వేలు."

"ఇప్పుడు?"

లైల్ ఆలోచించాడు. "ఉంగరం వేలు."

"కళ్ళు తెరువు."

పికెట్ రెండు చేతులూ తన మోకాళ్ళమీద ఉన్నాయి. ఎప్పుడు వదిలేశాడో లైల్‌కు తెలియలేదు. అతని చెయ్యి ఒక్కటే బల్ల అంచుమీద ఉంది, వేరే ఎవరిదో అన్నట్టు.

తర్వాత పికెట్ తను ఆడిన రోజుల్లోని ఒక స్నేహితుడి గురించి చెప్పాడు. మెడ నొప్పిని దాచి దాచి ఆడినవాడు, ఇప్పుడు మనవరాలు పక్కనుంచి పిలిస్తే కుర్చీతో సహా తిరగాల్సి వస్తోందట. కథ చెప్పి, దానికి అర్థం ఏమీ చెప్పకుండా వదిలేశాడు.

"విట్‌కోమ్‌తో నేనేమీ అనలేదు," అన్నాడు చివరికి. "అనను కూడా. ఎవరిచేతనైనా నోరు విప్పిస్తే ఆ మాటకి విలువుండదు. రేపు తొమ్మిది దాకా ఆ మాట చెప్పడం నీ వంతు. నువ్వు చెప్పకపోయినా నేను మాత్రం ఆదివారం సియోనెనే నిలబెడతాను. ఎందుకని ఎవరైనా అడిగితే, నాకు బుద్ధి పుట్టిందంటాను."

"ఆగస్టులో మీరు నన్ను అడిగిన సంగతి సియోనెకి తెలుసా కోచ్?"

"తెలుసు. వాడే నన్ను అడిగి తెలుసుకున్నాడు. నీమీద ఒక్క మాట కూడా అనలేదు."

ఆ మాట వేళ్ళ సంగతికన్నా ఎక్కువ తగిలింది లైల్‌కు.

సాయంత్రం ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాడు. వాకిట్లో మంచు రెండుసార్లు తోశాడు. రెండోసారి తోయడానికి మంచే లేదు. టెస్ బల్లమీద భోజనం పెట్టి పిలిచినప్పుడు, జరిగిందంతా చెప్పాడు, ఎమెట్ తల్లి కోటుతో సహా. ఆవిడ ఓదారుస్తుందనుకున్నాడు. ఆవిడ ఓదార్చలేదు.

"అయిదు వారాలుగా నీతోపాటు నేనూ అబద్ధం చెబుతున్నాను," అంది. "ఎవరైనా చెయ్యెలా ఉందని అడిగితే బాగుందంటున్నాను. నీకోసమే అన్నాను. కానీ ఆ కుర్రాడి తల్లి మన పక్క వరసలోనే కూర్చుంది లైల్. ఆట మధ్యలో నాకు దుప్పటి ఇచ్చింది."

బంతి పోతే నేనెవర్ని అని అడిగాడతను. ఆ ప్రశ్న తన నోటినుంచి వస్తుందని అతనికే తెలియదు. టెస్ అతని కుడిచెయ్యి పట్టుకుంది, మొద్దుబారిన వేళ్ళను కాదు, మణికట్టును, స్పర్శ ఉన్నచోట. ఏమో, చూద్దాం అంది. అబద్ధం చెప్పనందుకు అతనికి ఆవిడమీద ప్రేమ పుట్టింది.

బుధవారం తొమ్మిదింటికి మీటింగు గది నిండిపోయింది. యాభైమందికి పైగా మనుషులు, సగం మంది చేతుల్లో కాఫీ, అందరి ముఖాల్లోనూ ఆదివారం. రెండో వరసలో ఎమెట్, తల వంచుకుని. వెనక గోడ దగ్గర సియోనె, ఇంకా నంబరు లేని బూడిదరంగు చొక్కాలో. విట్‌కోమ్ లోపలికి వచ్చి గడియారం చూసుకుని, ఈ ఆదివారం జట్టులో కొన్ని మార్పులున్నాయని మొదలుపెట్టాడు.

లైల్ లేచి నిలబడ్డాడు. పదకొండేళ్ళలో ఈ గదిలో అతను అడగకుండా లేవడం అదే మొదటిసారి.

"కోచ్, ముందు నేనొకటి చెప్పాలి."

విట్‌కోమ్ చెప్పమన్నట్టు చూశాడు. లైల్ దారిలో కారులో మాటలన్నీ సర్దుకున్నాడు. అవేవీ ఇప్పుడు గుర్తు రాలేదు.

"ఆదివారం బంతి ఎమెట్ చేతిలోంచి జారలేదు. నేనే వంకరగా ఇచ్చాను. నా కుడిచేతి రెండు వేళ్ళు అయిదు వారాలుగా పనిచెయ్యట్లేదు. దాచాను. ఎమెట్‌కి తెలుసు. నేను చెప్పొద్దన్నానని వాడు చెప్పలేదు. వాడు తప్పు తన నెత్తిన వేసుకుంటుంటే నేను పక్కనే కూర్చుని చూశాను." ఊపిరి తీసుకున్నాడు. "మీరు వాణ్ణి పక్కన పెడుతున్నారని తెలిసింది. పెట్టాల్సింది నన్ను. సియోనె సిద్ధంగా ఉన్నాడు. ఆగస్టులోనే సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు కూడా అబద్ధం చెప్పింది నేనే."

ఎవరో కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. వరుసలో అతని ఎడమపక్కన ఏడేళ్ళుగా భుజం కలిపి ఆడుతున్నవాడు తల తిప్పేసుకున్నాడు. కుడిపక్కవాడు చెయ్యి చాపి లైల్ మోచెయ్యి పట్టుకున్నాడు. భయపడిందానికన్నా తేలిగ్గా ఉంది అతనికి. అయిదు వారాల తర్వాత మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"కూర్చో లైల్," అన్నాడు విట్‌కోమ్. గొంతులో కోపం లేదు. "చెప్పినందుకు మెచ్చుకుంటాను. కానీ నాకూ కళ్ళున్నాయి. ఆ బంతి ఎవరి చేతిలో వంకర తిరిగిందో ఆదివారమే చూశాను. మధ్యాహ్నం నీ మెడకి స్కానింగు ఉంది. నీ పేరు రాయించింది నేనే."

లైల్ కూర్చోలేదు. "మరి ఎమెట్‌ని ఎందుకు..."

"ఎమెట్‌ని పక్కన పెట్టింది బంతి పోయినందుకు కాదు."

గదిలో తలలన్నీ రెండో వరసవైపు తిరిగాయి. లైల్ కూడా తిరిగాడు. ఎమెట్ ముఖంలో ఆశ్చర్యం వెతికాడు. లేదు. వాడు విట్‌కోమ్ కళ్ళలోకే చూస్తూ, ఎవరికీ కనపడకూడదన్నట్టు, తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు అని.

విట్‌కోమ్ మళ్ళీ గడియారం చూసుకున్నాడు. "విచారణకు లీగ్ వాళ్ళు ఇద్దరు బయలుదేరారు. ఇంకో పది నిమిషాల్లో ఇక్కడుంటారు. వాళ్ళ నోట వినడంకన్నా వీళ్ళంతా నీ నోట వినడం మంచిది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ఎమెట్ లేచాడు. కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకున్నాడు. లైల్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"నేను కాసిన పందేల సంగతి మా అమ్మకింకా తెలియదు కోచ్," అన్నాడు.